మంచుకొండ దిగువన మన పులుసు

మనిషి ఊరు మారితే వేషం మారుతుంది, కొంతకాలానికి మాట కూడ మారుతుంది. నాలుక మాత్రం తొందరగా మారదు. నాలుకను గురించి కళాశాల వార్షిక సంచికలో వ్యాసమేమిటని విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చు. తెలుగు ఉపన్యాసకులకు పద్యమూ వ్యాకరణమూ కరవైనవా అని కమిటీ పెద్దలు అనుకోవచ్చు. అయినను ఈ ఏడు మేము ఒక పులుసును గురించి రాయదలచినాము. ఆ పులుసు జపాను దేశపు ఉత్తర ద్వీపమైన హొక్కైడోలో, సప్పోరో నగరంలో పుట్టినది. పగలంతా మంచుకొండలపై స్కీ పలకలు కట్టుకొని జారినవారు, చీకటిపడే వేళకు కొండ దిగి, కళ్ళనీళ్ళు తుడుచుకొంటూ తాగే కారపు పులుసు అది. దానిని సూప్ కరీ అంటారు. దాని వంశవృక్షాన్ని వెదుకుతూ పోతే వేళ్ళు మన వాకిలివరకు వస్తాయి. మియాపూర్ చుట్టుపక్కల ఇళ్ళనుండి పిల్లలు చలిదేశాలకు ప్రయాణం కడుతున్న ఈ రోజులలో ఆ వేళ్ళను ఒకసారి తడిమి చూడటం అవసరమని మా నమ్మకం.

మేము స్కీ పలకలు కట్టినవారము కాము. మేము ఎక్కి దిగిన కొండ గోల్కొండ ఒక్కటే. ఆ వంటను గురించి చదివి, తిన్నవారిని అడిగి, ఆ పద్ధతిలో ఇంట వండి చూచి ఈ మాటలు రాస్తున్నాము.

ముందుగా ఆ వంటను పరిచయం చేయవలె. జపానువారి సాధారణపు కరీ చిక్కనిది, వేయించిన గోధుమపిండి కలిపినది, కొంచెం తియ్యనిది. దానిని అన్నం పక్కన ముద్దగా పోసి వడ్డిస్తారు. సూప్ కరీ అట్టిది కాదు. అందులో పిండి చేరదు. ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన రసంలో ఉల్లి, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు, పసుపు, మిరప చేరుతాయి. అది మన చారుకన్న కాస్త బరువు, మన కోడిపులుసుకన్న చాల పలుచన. లోతైన గిన్నెలో ఆ పులుసు, అందులో ఎముకనుండి ఊడివచ్చేటంతగా ఉడికిన నిండు కోడికాలు, విడిగా నూనెలో వేయించిన బంగాళాదుంప, క్యారెట్, గుమ్మడి, వంకాయ, బెండకాయ, పైన కోడిగుడ్డు ఉంటాయి. అన్నం వేరే పళ్ళెంలో వస్తుంది. చెంచాతో అన్నం తీసుకొని పులుసులో ముంచి తినడం అక్కడి అలవాటు. కారం ఎంత కావలెనో తినేవారే ముందుగా చెప్పవలె. ఈ వంటకు సూప్ కరీ అన్న పేరును వ్యాప్తిలోకి తెచ్చిన మేజిక్ స్పైస్ అను భోజనశాల 1993లో సప్పోరోలో తెరచినారు. అక్కడ కారపు మెట్లకు ధ్యానం, నిర్వాణం వంటి పేర్లున్నవి. నాగార్జునకొండ ఉన్న నేలమీద పుట్టిన మనకు నిర్వాణం కొత్త మాట కాదు. అయితే అది ఒకనాటికి మిరపపొడి కొలత కాగలదని ఏ భిక్షువూ ఊహించి ఉండడు.

సప్పోరో సుమారు 20 లక్షల జనాభా గల నగరం. ఇంత పెద్ద నగరంలో ఏటా దాదాపు 5 మీటర్ల మంచు కురవడం ప్రపంచంలోనే అరుదు. స్కీ విద్య కూడ జపానుకు పుట్టుకతో వచ్చినది కాదు. 1911లో ఆస్ట్రియా-హంగరీ సేనాధికారి థియొడార్ ఫాన్ లెర్ఖ్ నీగతా ప్రాంతంలోని తకదలో జపాను సైనికులకు దానిని నేర్పినాడు. మరుసటి ఏడు హొక్కైడోలోని అసహికావాలో నేర్పినాడు. అరవై ఏళ్ళు గడిచేసరికి, 1972 ఫిబ్రవరిలో, ఆసియాఖండంలో మొట్టమొదటి శీతకాలపు ఒలింపిక్ క్రీడలు సప్పోరోలో జరిగినవి. ఆ పోటీలలో కొన్నింటికి వేదికయైన తెయినె కొండ 1,023 మీటర్ల ఎత్తు. నేడు సామాన్యులు కూడ సెలవు రోజున అక్కడికి స్కీ చేయబోతారు. ఆ క్రీడలు జరిగిన దశకంలోనే, ఆ నగరంలోనే ఈ పులుసు కూడ రూపు దిద్దుకొన్నది. ఆట ఐరోపానుండి వచ్చినది, మసాలా మన వైపునుండి వచ్చినది. రెంటినీ కలిపి ఒకే దినచర్యగా చేసుకొన్నవారు సప్పోరో జనులు.

చలిలో కారమెందుకు అని అడిగేవారికి శరీరశాస్త్రం సమాధానం చెబుతుంది. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థం, వేడిని గుర్తించే నాడులనే తట్టి లేపుతుంది. అందుచేత నోరు నిజంగా కాలకపోయినా కాలినట్లే మెదడుకు వార్త పోతుంది. ఈ రహస్యాన్ని విప్పినందుకు డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానాన్ని మరొక శాస్త్రజ్ఞునితో కలిసి అందుకొన్నాడు. ఆ వార్త అందగానే దేహం తనను తాను చల్లార్చుకొనే ఏర్పాటు చేస్తుంది: ముఖం ఎర్రబారుతుంది, చెమట పోస్తుంది. గుంటూరు ఎండలో మిరపకాయ తిన్నవాడికి ఆ చెమట ఆరి చల్లదనమిస్తుంది. సప్పోరో మంచులోనుండి వచ్చినవాడికి ముఖానికి పాకిన ఆ వెచ్చదనమే హాయినిస్తుంది. స్కీ చేసినవాడు ఉన్ని దుస్తుల లోపల చెమటోడ్చి, పొడిగాలిని పీల్చి నీటిని కోల్పోతాడు. వానికి కావలసినవి నీరు, ఉప్పు, వేడి. ఆ మూడూ ఆ గిన్నెలో ఉన్నవి. ఒకే మిరప రెండు దేశాలలో రెండు విధాలైన సేవ చేస్తున్నది. మసాలాకు స్వదేశాభిమానం లేదు. ఎవరి అవసరం వారికి తీరుస్తుంది.

ఇక ఆ మసాలా అక్కడికి ఎట్లు చేరినది? మొదటి ప్రయాణం దొరల ఓడలమీద జరిగినది. మన దేశపు వంటలను చూచిన ఆంగ్లేయులు వాటినన్నింటిని కరీ అను ఒక్క పేరున చుట్టి, పొడిచేసి, సీసాలలో నింపి తమ దేశానికి పట్టుకుపోయినారు. ఆ పేరు తమిళపు కఱి నుండి వచ్చినదంటారు. మన నోట అది కూర. మెయిజీ కాలంలో ఆ సీసా జపానుకు చేరినది. 1908లో జపాను నౌకాదళం ప్రకటించిన వంటల పుస్తకంలో కరీ అన్నం చేసే విధానం కనిపిస్తుంది. అంటే జపానువారు కూరను మనవద్ద నేర్వలేదు. లండను మీదుగా నేర్చినారు. అందుకే అది పిండితో చిక్కబడినది.

రెండవ ప్రయాణం స్వాతంత్ర్య సమరయోధులది. బ్రిటిషు ప్రభుత్వానికి దొరకకుండ 1915లో జపాను చేరిన రాస్ బిహారీ బోసుకు తోకియోలోని నకమురాయ అను రొట్టెల అంగడివారు ఆశ్రయమిచ్చినారు. ఆయన ఆ ఇంటి అల్లుడైనాడు. 1927లో ఆ అంగడివారు భోజనశాల తెరచినప్పుడు, కూర అంటే ఇది కాదని చెప్పి, భారతీయ పద్ధతిలో కూర వండించినవాడు ఆయనే. తరువాత మన నగరపు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ కథ ఉన్నది. 1943 ఏప్రిల్‌లో సుభాస్ చంద్ర బోసుతోపాటు మడగాస్కరు సమీప సముద్రంలో జర్మను జలాంతర్గామినుండి జపాను జలాంతర్గామిలోకి మారిన ఏకైక సహచరుడు ఈ హైదరాబాదీ. ఆ ఓడలో ఈ ఇద్దరు అతిథుల కొరకు భారతీయ పద్ధతిలో కారపు కూరలు వండి పెట్టినారని చరిత్రకారులు రాశారు. సముద్రగర్భంలో, యుద్ధమధ్యంలో, భాష తెలియని వంటవాడు అతిథి నాలుకను తలచుకొని పొయ్యి వెలిగించడం చిన్న విషయం కాదు. దస్తర్‌ఖాన్ మర్యాద ఒక్క మన నగరానికే దక్కిన వరం కాదని ఆ కథ చెబుతున్నది.

మూడవ మజిలీ సప్పోరో. 1970వ దశకంలో అక్కడి ఒక చిన్న కాఫీశాలలో ఔషధగుణాలున్న దినుసులతో కాచిన పలుచని కరీని వడ్డించసాగినారు. రసం కోసం ఉడికించిన కోడిమాంసాన్ని కూడ పెట్టుమని వచ్చినవారు కోరగా, మాంసమూ కూరగాయలూ గిన్నెలోకి చేరినవని చెబుతారు. నేటి సూప్ కరీకి ఆదిరూపంగా దానినే ఎంచుతారు. ఆ కాఫీశాల పేరు అజంతా. ఈ పేరు విన్నంతనే హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి ఒళ్ళు జలదరించక మానదు. అజంతా గుహలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనివే. వాటి చిత్రాలను కాపాడుటకు నిజాం ప్రభుత్వం ఇటలీనుండి నిపుణులను పిలిపించినది. పురావస్తుశాఖాధిపతి గులాం యజ్దానీ ఆ చిత్రాలను 1930 నుండి 1955 వరకు సంపుటాలుగా వెలువరించినాడు. బౌద్ధ చిత్రాలను కాపాడిన ఆ పండితుడు ముసల్మాను. అంతకు ముందే రవీంద్రుని పిలుపున 1916లో భారతదేశానికి వచ్చి వాటిని నకలు తీసిన అరాయ్ కంపో జపాను చిత్రకారుడు. ఆ గుహల పేరే మంచుదేశంలో ఒక పులుసుగిన్నె పక్కన వెలసినది.

ఇంత చెప్పిన పిదప, ఆ పులుసు మనదేనని పత్రం రాయించుకొందామా? ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. సూప్ కరీ మనది కాదు. మనది కానందుకు మేము చింతించము. మసాలా మనది కావచ్చు. ఆ మంచు వారిది, ఆ పొలాలలో పండిన దుంపలు, ఉల్లి వారివి, ఆ ఆకలి వారిది. హొక్కైడో జపాను దేశంలో బంగాళాదుంపకూ ఉల్లికీ పెట్టింది పేరు. తమ పంటకు, తమ చలికి సరిపోయేటట్లు వంటను తిరిగి కట్టుకొన్నవారే దానికి యజమానులు.

ఇందుకు మన ఇంటనే సాక్ష్యమున్నది. హలీం మనదని గర్విస్తాము. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. అయితే దాని తండ్రి అరబ్బుల హరీస్. నిజాం సైన్యంలో చేరిన యెమెనీలు దానిని తెచ్చినారు. బార్కస్‌లో నేటికీ ఆ హరీస్ దొరుకుతున్నది. మన వంటవారు అందులో మసాలా చేర్చి, నెయ్యి పోసి, ఉల్లి వేయించి చల్లి హైదరాబాదు పౌరసత్వమిచ్చినారు. మరొక సాక్ష్యం మిరపకాయ. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువారి ఓడలమీద అది వచ్చేవరకు మన తాతముత్తాతలు మిరియంతోనే కారం తిన్నారు. నేడు మిరపకాయ లేని తెలుగు ఇల్లున్నదా? పరాయిదాన్ని ఇంతగా మనది చేసుకొన్న మనము, మనదాన్ని పరాయివారు తమది చేసుకొంటే ముఖం చిట్లించడం న్యాయం కాదు.

ముఖం చిట్లించేవారు లేరా? ఉన్నారు. మన విద్యార్థులలోనే ఉన్నారు. జపాను కరీని ఒక్క చెంచా తిని, ఇదీ ఒక కూరేనా అని పక్కకు నెట్టి, సంవత్సరం పొడుగునా గదిలో ఆవకాయ సీసాతో గడిపినవారిని మేమెరుగుదుము. శ్రీనాథ మహాకవి పల్నాటికి పోయి జొన్నకూటిని చూచి విసుగుకొన్నాడని ఆయన పేరిట ప్రచారంలో ఉన్న చాటువులు చెబుతాయి. పరదేశంలో తిండిని తిట్టే విద్యలో మనమందరం శ్రీనాథుని వారసులమే. అయితే శ్రీనాథుడు తిట్టినా పద్యం మిగిలినది. మన పిల్లలు తిట్టితే ఒంటరితనం తప్ప ఏమీ మిగలదు. తిండి దగ్గర తలుపు మూసుకొన్నవారికి మాట దగ్గర, స్నేహం దగ్గర కూడ తలుపులు మూసుకొంటాయి.

రెండవ వైపు ఒక సంశయమున్నది, అది గౌరవింపదగినది. కనబడినదెల్లా తినవచ్చునా? కూడదు. సప్పోరో అంగళ్ళలో కొన్నిచోట్ల ఆ రసానికి కోడి ఎముకలతోపాటు పంది ఎముకలు కూడ వేస్తారు. కొన్నిచోట్ల చేపల రసం కలుపుతారు. హలాలు పాటించే విద్యార్థి, మాంసం ముట్టని విద్యార్థి, ఇద్దరూ ఆ బల్లవద్ద ఒకే చిక్కులో పడతారు. ఇద్దరూ ఒకే ప్రశ్న అడగవలసి ఉంటుంది. జపానులో చదువుకొంటున్న మా పూర్వ విద్యార్థి ఒకరు ఈ సంగతినే మాకు జాబు రాశారు. తోటివారితో తెయినె కొండకు పోయి, పదిసార్లు పడి పన్నెండుసార్లు లేచినట్లు రాశారు. లెక్క కుదరదని మేము తిరుగుజాబులో అడగలేదు. సాయంకాలం భోజనశాలలో, వచ్చీరాని జపాను భాషలో, పులుసులో పంది ఉన్నదా అని అడుగగా, అక్కడి వృద్ధురాలు లోపలికి పోయి, దినుసుల పట్టిక తెచ్చి, ఒక్కొక్కటి వేలుపెట్టి చూపించినదట. ఆ అంగడిలో తినదగినది లేకపోగా, ఆమెయే మరొక చోటికి దారి గీసి ఇచ్చినదట. ఆ రాత్రి తిన్న పులుసుకన్న ఆ దారి గీసిన కాగితమే ఆ విద్యార్థి దాచుకొన్న వస్తువు. నియమం స్నేహానికి అడ్డుగోడ కాదని, అడగడం రానప్పుడే అది గోడగా మారుతుందని మేము గ్రహించినాము.

ఈ మాటలన్నీ మియాపూర్‌కు ఎందుకు? మియాపూర్ నేడు ఒక ఊరు కాదు, ఒక కూడలి. 2017 నవంబరు 28న నగరపు మెట్రో రైలు ఇక్కడే ప్రారంభమైనది. పొద్దున సాఫ్ట్‌వేర్ కార్యాలయాలకు పోయేవారు, జిల్లాలనుండి బస్సు దిగి హాస్టలు వెదికేవారు ఈ కూడలిలోనే కలుస్తారు. ఒకే వీధిలో రాగిసంకటి, ఉలవచారు, మందీ, ఇరానీ చాయ్ దొరుకుతాయి. ఇదే రహదారిమీద పటాన్‌చెరు దాటి పోతే కందివద్ద ఐ.ఐ.టి. హైదరాబాదు కనిపిస్తుంది. దాని భవనాలకు జపాను ప్రభుత్వ సహకార సంస్థ జైకా ధనసహాయం చేసినది. అక్కడి విద్యార్థులు ఉన్నత విద్యకు జపాను పోవుటకు ఏర్పాట్లు జరిగినవి. అంటే జపాను మనకు అరగంట ప్రయాణంలోకి వచ్చినది. అయితే మన కళాశాల భోజనశాలలో తెలుగు విభాగపు బల్లనుండి ఉర్దూ విభాగపు బల్లకు పది అడుగుల దూరం నేటికీ దాటబడలేదు. ఒకరి డబ్బాలో మరగ్ ఉన్నది, మరొకరి డబ్బాలో మిరియాల చారు ఉన్నది. రెండూ జలుబుకు మందే అని ఇరువురికీ తెలియదు. పది అడుగులు నడవని పాదాలు సప్పోరో మంచుమీద ఎట్లు నిలుస్తాయి?

అందుచేత కమిటీ పెద్దలకు మా మనవులు రెండు. మొదటిది, వారానికి మూడు సాయంకాలాలు జపాను భాషకు ప్రాథమిక తరగతి పెట్టించండి. ఇది మన నగరానికి కొత్త ఆలోచన కాదు. 1922లో నిజాం ప్రభుత్వ విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ జపాను పోయి, అక్కడివారు మాతృభాషలో ఆధునిక విద్య నేర్చిన తీరును పరిశీలించి, మరుసటి ఏడు గ్రంథంగా వెలువరించినాడు. ఉర్దూలో ఉన్నతవిద్య బోధించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొన్న తొలి రోజులవి. నూరేళ్ళ కిందట మన పెద్దలు చూచిన దిక్కుకే మనము మళ్ళీ చూస్తున్నాము. ఇందులో ఏముందో చెప్పగలరా, నేనిది తినను, మీ మేలు మరువను: ఈ మూడు వాక్యాలు నేర్చినా ఆ తరగతికి పెట్టిన ఖర్చు వ్యర్థం కాదు.

రెండవది, వార్షికోత్సవం నాటి మధ్యాహ్నం క్యాటరింగువారి పొట్లాలు మానిపించి, రెండు విభాగాల విద్యార్థులచేతనే పులుసు వండించండి. ఒక పొయ్యిమీద మాంసపు పులుసు, ఒక పొయ్యిమీద కూరగాయల పులుసు. ఎవరి నియమం వారిది, బల్ల మాత్రం ఒక్కటే. ఉల్లి తరిగేవారికి భాషాభేదం ఉండదు. అందరి కళ్ళూ ఒకే తీరున నీరు కారుస్తాయి. దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని అడిగేవారు ఉంటారు. నేరుగా రాదు. కాని ఉద్యోగం వచ్చిన చోట మనిషిగా నిలబడే శక్తి వస్తుంది.

విద్యార్థి మిత్రులారా, మీలో కొందరు ఈ ఏడే విమానమెక్కుతారు. పెట్టెలో ఆవకాయ తప్పక పెట్టుకొని పొండి. దానిని తోటివారికి కూడ రుచి చూపించండి. మీ నియమాన్ని వదలకండి, దానిని సిగ్గుపడకుండ చెప్పండి. ఎదుటివారి వంటను మీ అమ్మ వంటతో పోల్చి మార్కులు వేయకండి. ఆ మార్కులలో ఎవరూ ఉత్తీర్ణులు కారు. ఎక్కడైనా మంచు కురిసే రాత్రి, పరాయి గిన్నెలో జీలకర్ర వాసన తగిలితే, ఇది మాదే అని తొందరపడకుండ, మీరు దీనిని ఎట్లు వండుతారు అని ముందుగా అడగండి. అక్కడినుండి మాటలు మొదలవుతాయి.